విమానమునందలి రబ్బరు దిమ్మలు

దిల్‌సుఖ్‌నగర్ బస్సు స్టేషనులో ఇంజను ఆపక నిలిపిన పాత బస్సునందు కిటికీ అద్దములు గడగడ వణకుచుండును. ఇంజను అదురు బండికంతటికి ప్రాకకుండ, దాని క్రింద రబ్బరు దిమ్మల నమర్తురు. ఎల్.బి. నగర్ దారిలోని మెకానిక్కులు వీనిని మౌంటింగులందురు. ఇవి చెడినకొలది అదురు హెచ్చును. బస్సయినచో దారిప్రక్కన నిలిపి మెకానిక్కును పిలువవచ్చును. ఆకాశమున అట్టి వీలు లేదు.

చిన్న విమానములందును ఇంజనుకు, దానిని మోయు ఉక్కు గొట్టముల చట్రమునకు నడుమ ఇట్టి దిమ్మలే యుండును. బెంగుళూరునందలి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నిర్మించిన 'పుష్పక్' విమానము 1958లో తొలిసారి యెగిరెను. దానిలో ఇద్దరు కూర్చుండవచ్చును. ఇంజను బలము 90 అశ్వశక్తులు. దేశమందలి ఫ్లయింగు క్లబ్బులలో పలువురు దానిపై విమానము నడుప నేర్చిరి. అట్టి పాత విమానమును నేడు ఎగురవేయగోరువారు దిమ్మలను ఎప్పుడు మార్చవలెను?

రబ్బరునకు వేడి, నూనె, కాలము అను మూడును శత్రువులు. వేడికి అది గట్టిపడి పగులును. నూనె తగిలి ఉబ్బి మెత్తబడును. విమానము కదలక షెడ్డులోనే యున్నను దాని వయస్సు చెల్లుచునే యుండును. కావున ఎన్ని గంటలు ఎగిరినదనుటయే కాక, ఎన్ని యేండ్లయినదనియు లెక్కింపవలెను.

పరీక్షించువాడు మొదట ప్రొపెల్లరు నడిమిభాగమును, దాని వెనుకనున్న రేకు కప్పుతో పోల్చి చూచును. అది మునుపటికన్న క్రిందికి దిగినచో దిమ్మలు కుంగినవని సందేహింపవలెను. పిదప పగుళ్లను, నూనె తడిని వెదకును. అదురు క్రొత్తగా హెచ్చినదేమో గమనించును. కాని అదురుకెల్ల రబ్బరే కారణము కాదు. ప్రొపెల్లరు తూకము తప్పినను, ఒక సిలిండరు సరిగా పనిచేయకున్నను ఇంజను అదరును. ఆ దోషము నరయక దిమ్మలను మాత్రమే మార్చినచో ధనము పోవును, అపాయము మిగులును.

ఒక దిమ్మ చెడినపుడు అన్నిటిని కలిపి మార్చుట మేలు. క్రొత్తవియు పాతవియు కలసియున్నచో బరువు సమముగా పడక ఇంజను ఒరుగవచ్చును. దిమ్మలను విప్పినపుడే చట్రపు అతుకులలో పగుళ్లున్నవేమో చూచి, బోల్టులను తయారీదారులు చెప్పిన కొలతకే బిగింపవలెను. తుదకు అర్హుడైన ఇంజనీరు పరీక్షించి లాగు పుస్తకమున సంతకము చేయును. ఆ సంతకమును నమ్మియే పైలటు నేల విడుచును. కావున సందేహము తీరని దిమ్మతో విమానమును పంపుటకంటె, ఒకనాడు దానిని నేలపై నిలుపుటయే ఉత్తమము.