ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎవరివి?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ మీకు కొత్తేం కాదు. సినిమాల్లో చూశారు, టీవీ వార్తల్లో చూశారు. హైదరాబాద్‌లో ఉంటే దాని ముందు ఓ సెల్ఫీ కూడా దిగే ఉంటారు. కానీ రాజు కట్టించిన ఈ భవనం స్టూడెంట్స్ అడ్డా ఎలా అయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బిల్డింగ్ కన్నా ముందే యూనివర్సిటీ

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. మరుసటి ఏడాది క్లాసులు మొదలయ్యాయి. అప్పటికి సొంత క్యాంపస్ లేదు. నగరం మధ్యలో నిజాం కాలేజీ పక్కన ఉన్న భవనంలోనే పాఠాలు.

సొంత క్యాంపస్ కోసం ఎంచుకున్న చోటు అడిక్‌మెట్. ఒకప్పుడు అది మహలఖా బాయి చందా జాగీరు. 18వ శతాబ్దం నాటి ఉర్దూ కవయిత్రి ఆమె. ఆమె పేరుతో ఉన్న మెట్లబావి ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంది. దాన్ని బాగుచేశారు కూడా.

డిజైన్ కోసం ప్రపంచం చుట్టొచ్చారు

గూగుల్ లేని రోజులవి. మంచి యూనివర్సిటీ ఎలా ఉంటుందో తెలియాలంటే వెళ్లి చూడాల్సిందే. అందుకే నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని విదేశాలకు పంపింది. యూరప్, అమెరికా, జపాన్, ఈజిప్టు... ఇలా దేశాలు తిరిగి అక్కడి క్యాంపస్‌లు చూసొచ్చారు.

ఈజిప్టులో వాళ్ల కంట పడినవాడే ఎర్నెస్ట్ జాస్పర్. బెల్జియం ఆర్కిటెక్ట్. కైరో శివార్లలో ఆయన డిజైన్ చేసిన హీలియోపోలిస్ ప్యాలెస్ హోటల్ ఎంత గొప్పదంటే, ఇప్పుడది ఈజిప్టు అధ్యక్షుడి భవనం! అలాంటాయన్ని హైదరాబాద్ రప్పించారు. ఆయన వచ్చీ రాగానే గీతలు గీయలేదు. ముందు దక్కన్‌లోని పాత కట్టడాలను తిరిగి చూశాడు.

ఆ తిరుగుడు ఫలితం గోడల మీదే కనిపిస్తుంది. ఈసారి వెళ్తే ఇలా చూడండి. ముందు మెట్ల కింద నిలబడి తలెత్తండి. కొసదేలిన పెద్ద కమాను కనిపిస్తుంది. పర్షియా, మధ్య ఆసియా మసీదుల ముఖద్వారాల తీరు అది. తర్వాత లోపలికెళ్లి స్తంభాల దగ్గర ఆగండి. అజంతా, ఎల్లోరా గుహల్లోకి వచ్చామా అనిపిస్తుంది. బయట కమాను, లోపల గుహాలయం స్తంభం. రెండూ ఒకే కప్పు కింద ఉన్నా ఎక్కడా అతుకులా అనిపించదు. అదే జాస్పర్ పనితనం.

ఇక రాయి సంగతి. ఆ గులాబీ రంగు పెయింట్ కాదు, గ్రానైట్‌ది. హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించే బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంటే నేల మన దక్కనీదే, గీత బెల్జియం ఆయనది.

1934 జులై 5న శంకుస్థాపన జరిగింది. జాస్పర్ వెళ్లిపోయాక పని నడిపించింది జైన్ యార్ జంగే. 1939 డిసెంబర్ 4న నిజాం చేతుల మీదుగా ప్రారంభమైంది.

రాయి కలిసింది, మరి భాష?

అప్పట్లో మన దేశంలో పెద్ద చదువంటే ఇంగ్లిష్ మీడియమే. ఉస్మానియా దాన్ని తిరగేసింది. సైన్స్, లా, చివరికి మెడిసిన్ కూడా ఉర్దూలో చెప్పారు. దీనికోసం ప్రత్యేకంగా అనువాద సంస్థ పెట్టి వందల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. మన భాషల్లో పెద్ద చదువులు కుదరవనే వాళ్లకు అదో గట్టి జవాబు.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఆ రాజ్యంలో ఎక్కువ మంది ఇంటి భాష తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడ. గోడల్లో అన్ని సంప్రదాయాలకూ చోటు దొరికింది. క్లాసులో పాఠానికి మాత్రం ఒక్క ఉర్దూయే. తెలుగుకు ఓ శాఖ ఉండేది. రాయప్రోలు సుబ్బారావు లాంటి కవి అక్కడ ఆచార్యుడు. అయినా ఊళ్లోంచి వచ్చిన పిల్లాడు ఫిజిక్స్ చదవాలంటే ముందు ఉర్దూ గట్టిగా రావాల్సిందే.

1948లో నిజాం పాలన ముగిశాక బోధన ఇంగ్లిష్‌కు మారింది. ఉర్దూ తప్పుకుంది సరే, ఆ కుర్చీలోకి తెలుగు రాలేదు. ఇంజినీరింగ్, మెడిసిన్ తల్లిభాషలో చదవొచ్చా అని ఇవాళ మనం వాదించుకుంటున్నాం కదా. ఆ ప్రయోగం వందేళ్ల కిందటే హైదరాబాద్‌లో జరిగింది!

పాట పాడితే బయటికే

భవనం ఇంకా పూర్తి కాలేదు. 1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. ఆపమంటే ఆపలేదు. సమ్మె మొదలైంది, వందల మందిని బయటికి పంపేశారు. చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువు కొనసాగించారు. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థే.

అక్కడితో ఆగలేదు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా గుండెకాయ అయింది. ఆ ఏడాది కాల్పుల్లో ఎందరో యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2009 చివర్లో మళ్లీ అవే మెట్లు, మళ్లీ నినాదాలు. లాఠీలు, బాష్పవాయువు కూడా మళ్లీ వచ్చాయి. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు జరిగిన విద్యార్థి గర్జనకు జనం పోటెత్తారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

తన ప్రభుత్వం గొప్పదనం చాటాలని రాజు కట్టించాడు. ప్రభుత్వాలను నిలదీయడానికి స్టూడెంట్స్ వాడుకున్నారు. పాలించే వాళ్లు మారినా ఆ అలవాటు మారలేదు.

ఆర్ట్స్ కాలేజీ మ్యూజియం కాదు. ఇప్పటికీ అక్కడ క్లాసులు జరుగుతాయి. పల్లెల నుంచి వచ్చి, తమ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి తామే అయిన వాళ్లు ఎందరో ఆ మెట్లెక్కుతుంటారు. ఈసారి ఫొటో దిగాక ఫోన్ జేబులో పెట్టి ఓ పది నిమిషాలు ఆ మెట్ల మీద కూర్చోండి. పక్కన కూర్చున్న వాళ్లను ఏ ఊరు, ఏం చదువుతున్నారని పలకరించండి.