వెదకువారి మాటలు

పుస్తకము చివర అకారాది సూచిక యుండుట విద్యార్థులెరిగినదే. చరిత్ర పుస్తకములో గంజాము జిల్లా ప్రస్తావన ఎచ్చటెచ్చట వచ్చినదో తెలియవలెనన్న మనము పుస్తకమంతయు తిరుగవేయము; చివరి పుటలలో 'గ' అక్షరము కడకు పోయి, అచటి పుటసంఖ్యలను చూచుకొందుము. గూగుల్ మొదలగు సెర్చి ఇంజన్లు చేయు పని మూలమున ఇదియే. అవి ప్రపంచములోని వెబ్‌పుటలను ముందుగానే చదివి, ఏ మాట ఏ పుటలో నున్నదో సూచిక కట్టి పెట్టుకొనును. మనము ఒక మాటను టైపు చేసిన క్షణమున అవి లోకమంతయు గాలింపవు; తమ సూచికను తిరుగవేయును. వెదకువాడు వాడిన మాట మన పుటలో లేకున్నచో, మన పుట వానికి దొరకుట దుర్లభము. పుట దొరకుటకు ఉపకరించు ఇట్టి మాటలనే కీలకపదములందురు. 'కీవర్డు' అన్నను అదియే.

మన పాఠశాలకు విద్యార్థులు వెబ్‌సైటును సిద్ధము చేయుచున్న ఈ సమయమున, దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అవసరమని తలచితిమి. ఇది అలంకారము కొరకు చేయు పని కాదు. ఆరవ తరగతిలో ఎందరు చేరుదురో అని ప్రతి సంవత్సరమును మనకు దిగులే. శ్రీకాకుళము వైపునుండి ఉద్యోగరీత్యా బరంపురమునకు వచ్చు కుటుంబములవారు, ఇచట తెలుగు బడి యున్నదా యని పూర్వము ఇరుగుపొరుగువారిని అడిగి తెలిసికొనెడివారు. ఇప్పుడు ఫోనును అడుగుదురు. ఫోను చూపకున్నచో బడి లేనట్లే భావించి, పిల్లవానిని ఆంగ్ల మాధ్యమములో చేర్చెదరు. ఏడాది గడచిన పిమ్మట ఏ పెండ్లిలోనో కలిసి, "అయ్యో, తెలుగు బడి ఉందని మాకు తెలియదండీ" అందురు. అప్పటికి చేయగలిగినది లేదు.

కీలకపదముల ఎంపికలో మొదటి ప్రశ్న, మాట ఎవరిది అన్నది. మన వెబ్‌పుటకు పెద్దలు సహజముగా "ఆంధ్రోన్నత పాఠశాల, మాతృభాషా మాధ్యమమున విద్యాబోధన" అని శీర్షిక పెట్టుదురు. బిడ్డను చేర్పింపదలచిన తల్లి మాత్రము "బరంపురంలో తెలుగు మీడియం స్కూల్" అని వెదకును. ఈ రెంటిలో ఉమ్మడిగా నున్న మాట ఒక్కటియును లేదు! ఇద్దరును చెప్పుచున్నది ఒకే బడిని గూర్చియే. ఇటీవలి సంవత్సరములలో ఈ యంత్రములు పర్యాయపదములను కొంత గ్రహింప నేర్చినవి. కాని అవి నేర్చుట చదివిన పాఠమును బట్టి యుండును. ఆంగ్లములో వానికి దొరకు పాఠము సముద్రము వంటిది, తెలుగులో దొరకునది చెరువు వంటిది. కావున ఆ గ్రహింపుపై భారము వేయుట మనకు క్షేమము కాదు.

పర్లాకిమిడిలో పిల్లలకు చదువు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషకై జీవితమంతయు పోరాడిరి. ఆ వాదమును గూర్చి పండితులలో ఎన్ని అభిప్రాయములున్నను, ఈ ఒక్క విషయములో ఆయనదే గెలుపు. మేము ఈ వ్యాసమును వ్రాయుచున్న భాష పత్రికా మర్యాదకు తగినదే కావచ్చును గాని, ఈ భాషలో ఎవరును వెదకరు.

ఇక ఊరి పేరు. మన ఊరికున్న చిక్కు మరి ఏ ఊరికైనను ఉన్నదా యని మాకు సందేహము. తెలుగువారికి ఇది బరంపురం. ఒడియావారికిని ప్రభుత్వ వ్యవహారమునకును బ్రహ్మపుర. విశ్వవిద్యాలయము పేరులో నేటికిని బెర్హంపూర్. ఇది చాలనట్లు, పశ్చిమ బెంగాలులో ముర్షిదాబాదు జిల్లా ముఖ్యపట్టణమైన బహరంపూర్ ఒకటి కలదు. ఆంగ్లాక్షరములలో ఈ రెండు ఊళ్ల పేర్లును ఇంచుమించు ఒకే తీరున కనబడుచు వచ్చినవి. పుటలో ఊరి పేరు మాత్రమే యున్నచో, ఏ ఊరో తేల్చుకొనుట యంత్రమునకే గాక మనుష్యునకును కష్టమే. అందుచేత ఊరి పేరు ప్రక్కన 'గంజాం జిల్లా, ఒడిశా' అని తప్పక వ్రాయవలెను. 2011లో రాష్ట్రము పేరు ఒడిశాగా మారినను, 'ఒరిస్సా' అని టైపు చేయు పెద్దలు ఇంకను ఉన్నారు. చరిత్రను చెప్పు వాక్యములో ఆ మాటకును చోటీయవచ్చును. 1936 ఏప్రిలు 1వ తేదీకి ముందు ఈ ప్రాంతము మదరాసు రాజధానిలో నుండి, ఆనాడు ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రములో చేరినదని ఒక వాక్యము వ్రాసినచో, అది సత్యమును చెప్పినట్లును అగును, వెదకువారికి అందినట్లును అగును.

తెలుగు వ్యాకరణము తెచ్చు చిక్కొకటి కలదు. దీనిని ఆంగ్లమున వ్రాసిన పుస్తకములు చెప్పవు. ఆంగ్లములో ఊరి పేరు ముందొక చిన్న మాట చేరును గాని పేరు మారదు. మనకు విభక్తి మాటతోనే కలిసిపోవును. బరంపురం, బరంపురంలో, బరంపురానికి, బరంపురపు అను నాలుగింటిని చూడుడు. మూడవ, నాలుగవ రూపములలో చివరి సున్న మాయమైనది. మనకు ఇవి ఒకే ఊరి పేరు. అక్షరములను మాత్రమే పోల్చి చూచు యంత్రమునకు వేరువేరు మాటలు. కావున ముఖ్యమైన పేరు విభక్తి చేరని రూపములో, పుటలో ఒకటి రెండు చోట్లనైనను ఉండునట్లు వాక్యమును కూర్చుకొనవలెను. 'బరంపురము' అని ముకారాంతముగా మాత్రమే వ్రాసి యూరకుండుట మంచిది కాదు. తెలుగు మాటలనే ఆంగ్లాక్షరములతో టైపు చేయువారు అనేకులు; వారి కొరకు ఒక ఆంగ్ల పుటయు ఉండుట మేలు.

ఏ మాటకు ఎంత విలువ? కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన కారెన్ స్పార్క్ జోన్స్ అను విదుషీమణి 1972లో దీనికి చక్కని సూత్రము చెప్పినది. అన్ని పత్రములలోను కనబడు మాట దేనిని వేరుచేసి చూపలేదు; కొద్ది పత్రములలో మాత్రమే కనబడు మాటకు విలువ హెచ్చు. మన ఊరి అప్పడములనే తీసికొందము. ఈ పత్రిక చదువు తల్లిదండ్రులలో అప్పడములు చేసి అమ్మువారున్నారు. వారు తమ పుటకు 'పాపడ్' అను మాటను ఎంచుకొన్నచో, దేశములోని పెద్ద పెద్ద కంపెనీలతో పోటీపడవలెను; పదవ పుటలోనైనను కనబడుట అనుమానమే. 'అప్పడాలు' అన్న పోటీ కొంత తగ్గును. 'బరంపురం మినప అప్పడాలు' అన్నచో వెదకువారు కొద్దిమందియే; కాని ఆ కొద్దిమందియు కొనవచ్చినవారే. బరంపురము పట్టుచీరలు నేయువారికిని ఇదే లెక్క. 'చీరలు' అను మాట సముద్రము. 'బరంపురం పట్టు చీర' అను మాట మన వీధి.

ఎంచుకొన్న మాటలను ఎచట ఉంచవలెను? పుట శీర్షికలో, మొదటి వాక్యములలో, ఉపశీర్షికలలో. అంతకు మించి ఒకే మాటను ముప్పదిసార్లు వ్రాయుట అవివేకము. ఒకప్పుడు కొందరు తెల్లని పుటపై తెల్లని అక్షరములతో మాటలను దాచిపెట్టి యంత్రమును వంచింపజూచిరి. యంత్రములు ఆ దొంగతనమును కనిపెట్టి అట్టి పుటలను అడుగునకు త్రోయ నారంభించినవి. పుట వెనుక కంటికి కనబడకుండ కీలకపదముల పట్టికను చేర్చు పద్ధతి ఒకటి యుండెను. పుటలకు స్థానము నిర్ణయించుటలో ఆ పట్టికను తాము లెక్కింపమని గూగుల్ సంస్థవారు 2009లోనే ప్రకటించిరి. అయినను దానిని నింపి పెట్టుదుమని డబ్బు అడుగువారు కలరు. ఇచ్చుకొనవద్దు.

మాటలెంత మంచివైనను, యంత్రము చదువలేని రూపములో ఉన్నచో వ్యర్థము. ప్రవేశ ప్రకటనను బొమ్మగా చేసి అతికించుట మన బడులలో పరిపాటి. బొమ్మలోని తెలుగును యంత్రము సరిగా చదువునని నమ్మలేము. అచ్చు పనికై వాడు పాత ఫాంట్లు మరియొక ఆటంకము. వానిలో కూర్చిన వాక్యము మన కంటికి తెలుగుగా కనబడును గాని, లోపల ఉన్నవి తెలుగు అక్షరముల సంకేతములు కావు. యూనికోడు పద్ధతిలో 1991 నుండియే తెలుగునకు ప్రత్యేక స్థానము కలదు. వెబ్‌సైటులోని ప్రతి అక్షరమును అందులోనే టైపు చేయవలెను.

మాటలు సరిపోయిన పుటలు వందలున్నప్పుడు దేనిని ముందు చూపవలెను? స్టాన్‌ఫర్డులో విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు 1998లో వెలువరించిన పద్ధతి ప్రకారము, ఇతర పుటలు దేనివైపు దారి చూపుచున్నవో దానికి గౌరవము. నేడు ఇంకను అనేక విషయములను లెక్కింతురు గాని ఇది పోలేదు. మన పూర్వవిద్యార్థులలో వెబ్‌సైటులున్నవారు తమ పుటలో మన బడి లంకెను ఉంచినచో, అది చందా ఇచ్చుట కన్న తక్కువ సాయము కాదు.

మాటలను తెలిసికొనుటకు ఖర్చులేని మార్గములు కలవు. వెదకు పెట్టెలో 'బరంపురం తెలుగు' అని టైపు చేసి ఆగినచో, యంత్రమే క్రింద కొన్ని పూర్తి వాక్యములను సూచించును. అవి చాలవరకు ప్రజలు వెదకిన మాటలే. వెబ్‌సైటు పెట్టిన తరువాత గూగుల్ సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనములో, ఏ మాటలతో వెదకినవారికి మన పుట కనబడినదో చూచుకొనవచ్చును. కొన్ని నెలలకొకసారి చూచి మాటలను సవరించుకొనవలెను. లేని వసతిని గూర్చిన మాటను పుటలో చేర్చరాదు. కంప్యూటరు గది లేక దాని పేరు వ్రాసినచో, వచ్చినవారు గుమ్మములోనే తిరిగిపోవుదురు.

అన్నిటికన్న మంచి సాధనము ఇంటిలోనున్నది. తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఈ వారము తమ తల్లిని, పిన్నిని, ప్రక్కింటి మామ్మగారిని ఒక్క ప్రశ్న అడిగి రావలెను: "మా బడి పేరు మీకు తెలియదనుకోండి, ఫోనులో ఏమని వెదకుతారు?" వారు చెప్పిన మాటను దిద్దకుండ, ఉన్నదున్నట్లు చీటీపై వ్రాసి, తెలుగు తరగతిలో మాకీయవలెను. తల్లిదండ్రులు స్వయముగా వ్రాసి పంపినను సంతోషమే.