ఫీజు వద్దు, కానుక చాలు

‘నాకు రూపాయి వద్దు. మీకు తోచినంత అనాథ శరణాలయానికి ఇవ్వండి. అందుకు బదులుగా నెల రోజులు మీ అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఇంగ్లిషు నేర్పుతాను’ అని సంఘంలో ఓ పెద్దాయన ముందుకొస్తే కాదనేవారెవరు? నేర్చుకునేవాడికి లాభం, శరణాలయానికి లాభం, నేర్పినవారికి దేవునికి సేవ చేశామన్న తృప్తి.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల సంఘాల్లో ఇలాంటి తలాంతులకు కొదవలేదు. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, ఇంజినీర్లు ఆదివారం ఆరాధనలో మన పక్కనే కూర్చుంటారు. తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చాక ఇంజినీరింగ్ చదువు మీద ఆశ పల్లెల దాకా పాకింది. అటు కొల్లేటి లంకల్లో పరిస్థితి వేరు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు జీవనాధారం పోయిన కుటుంబాలు ఎన్నో. నీటిని నమ్ముకుంటే ఏ ఏడు ఎలా ఉంటుందో తెలియదు గనుక పిల్లల్నైనా చదివించాలని తల్లిదండ్రుల తపన. నేర్పగలవారు పట్నంలో, నేర్చుకోవాల్సినవారు లంకల్లో ఉన్నారు. ఈ ఇద్దరినీ కలపడానికి ‘కానుకకు బదులు పాఠం’ మంచి వంతెనే. అయితే ఆ వంతెన ఎవరి బరువు మోస్తుందో ముందే చూసుకోవాలి.

పాఠం చెప్పి సంపాదించింది దేవుని పనికి ధారపోయడం మనకు కొత్త కాదు. చెప్పులు కుట్టే పని చేసి, ఆపై బోధకుడైన విలియం కేరీ 1801 నుంచి కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో కంపెనీ కుర్ర ఉద్యోగులకు బెంగాలీ, సంస్కృతం నేర్పాడు. జీతం పెద్దదే. కానీ తన కుటుంబానికి కావలసిన కొద్దిపాటి మొత్తం ఉంచుకుని మిగిలిందంతా శ్రీరామ్‌పూర్ మిషన్ ఉమ్మడి నిధికే ఇచ్చేశాడు. మార్ష్‌మన్ దంపతులు 1800లోనే అక్కడ ఫీజు తీసుకునే బోర్డింగ్ పాఠశాలలు తెరిచారు. ఆ రాబడి కూడా మిషన్‌కే. తమకంటూ సొంత సంపాదన ఉండకూడదని 1805లో వారంతా కలిసి ఒప్పందం రాసుకున్నారు. 1812లో శ్రీరామ్‌పూర్ ముద్రణాలయం అగ్నికి ఆహుతైనా పని ఆగలేదు. 1814లో అక్కడి నుంచే కేరీ రాసిన తెలుగు వ్యాకరణం వెలువడింది. అంటే, ఆ పాఠాల సొమ్ము నీడ మన తెలుగు మీదా పడిందన్నమాట.

అంతటి త్యాగధనుల మీదా నింద పడింది. వారు ఆస్తులు కూడబెట్టుకుంటున్నారని ఇంగ్లండులో కొందరు అనుమానించారు. ఆస్తులు ఎవరి అధీనంలో ఉండాలన్న వాదన ముదిరి 1827లో శ్రీరామ్‌పూర్ మిషన్ తన మాతృసంస్థ నుంచి విడిపోయింది. నిజాయతీ ఉంటే సరిపోదు, ఆ నిజాయతీ అందరికీ కనిపించాలి కూడా! పౌలు ఈ సంగతి ముందే గ్రహించాడు. యెరూషలేములోని పేదలకు చందా పోగుచేసినప్పుడు ఆ డబ్బు తానొక్కడే మోసుకెళ్లలేదు. తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి పెట్టాడు. తన మీద ఎవరూ తప్పు మోపకూడదన్నదే అందులో ఆయన ఉద్దేశం (2 కొరింథీ 8:18-21). తన తిండి కోసం మాత్రం కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొ.కార్యములు 18:3). చందా లెక్క వేరు, పొట్టకూటి లెక్క వేరు.

ఈ రెండూ కలిసిపోతే ఏమవుతుందో గేహజీని అడగాలి. కుష్ఠు నయమైన నయమాను ఎంత బతిమాలినా ఎలీషా కానుక ముట్టలేదు. దేవుని కృపకు వెల కట్టకూడదని ఆయన పట్టుదల. సేవకుడైన గేహజీ మాత్రం ఆ రథం వెంట పరుగెత్తాడు. నాకివ్వు అనలేదు సుమా! ప్రవక్తల శిష్యులు ఇద్దరు యౌవనులు వచ్చారని, వారి కోసం వెండి, బట్టలు కావాలని అడిగాడు (2 రాజులు 5:20-24). బైబిల్లో దాతృత్వం పేరుతో జరిగిన వసూళ్లలో ఇంత తెలివైనది మరొకటి కనిపించదు. పేద విద్యార్థుల పేరు చెబితే నయమాను అడిగినదానికి రెట్టింపు వెండి ఇచ్చాడు. అది చేరింది మాత్రం గేహజీ ఇంటికి.

అందుకే ఇంగ్లిషు, లెక్కలు, ఇంటర్వ్యూ శిక్షణ లాంటివాటికి కానుక అడగడం తప్పు కాదు గానీ ప్రార్థనకు, వాక్యోపదేశానికి, మనసు విరిగి వచ్చినవారికిచ్చే ఆత్మీయ సలహాకు ‘ఇంత చందా’ అనడం సీమోను గారడీవాడి బేరంలోకి దిగడమే (అపొ.కార్యములు 8:18-20). గీత అక్కడ గీయాలి.

ఇంకో చిక్కుంది. ‘తోచినంత’ అన్న మాట చెప్పడానికి తేలిక, వినడానికి బరువు. ఏలూరు వ్యాపారి తన కొడుకు కోసం అయిదు వేలు ఇస్తే, వలలు వేసి బతికే తండ్రి యాభై రూపాయల నోటు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. మొదటి పిల్లాడికి ఎక్కువసేపు, రెండోవాడికి తక్కువసేపు పాఠం చెబితే అది యాకోబు పత్రిక రెండో అధ్యాయంలోని సభే. కానుక ఇవ్వలేని పిల్లల కోసం మొదటే కొన్ని చోట్లు విడిచిపెట్టాలి. ఆ చోట్లు ఎవరివో మిగతావారికి చెప్పనక్కర్లేదు.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. పాఠానికి బదులుగా ఇచ్చిన డబ్బు అసలు సిసలు విరాళం కాదు, సేవకు చెల్లించిన వెల. దాని మీద ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరికీ ఆశ పెట్టకూడదు. ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా ఒంటరిగా గదిలో కాకుండా మందిరం హాల్లో, తలుపులు తీసి ఉంచి పాఠం చెప్పడం అందరికీ మంచిది.

డబ్బు నేర్పేవారి చేతికి అసలు రాకూడదు. నేరుగా శరణాలయం ఖాతాలోనే జమ కావాలి. హాజరుపట్టీ మాస్టారి దగ్గర, రసీదు పుస్తకం సంఘంలోని మరో ఇద్దరి దగ్గర ఉంటే చాలు. ఎవరెంత ఇచ్చారో, ఎవరు ఏమీ ఇవ్వలేదో పాఠం చెప్పే మనిషికి తెలియకుండా ఉంటుంది.