మారినదానినే మరల కట్టుట

మన పాఠశాలలో చదివి కంప్యూటరు ఉద్యోగములలో చేరిన పిల్లలు “ఈ దినమంతయు బిల్డుకే సరిపోయినది” అని చెప్పుట తల్లిదండ్రులు వినియే యుందురు. దాని భావమును తెలిసికొనుట మంచిది.

మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రము నడుపగల రూపమునకు మార్చుటయే బిల్డు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు కెర్నెలు నేడు రెండు కోట్ల పంక్తులకు మించినది. ఒక్క పంక్తి మారినంతనే సర్వమును మరల కట్టుట వృథాశ్రమ. ఇందులకై 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అను సాధనమును నిర్మించెను. అది మూలపు ఫైలు ఫలితపు ఫైలుకంటె క్రొత్తదైనచో మాత్రమే పని చేయును.

అయితే ఇందొక లోపము కలదు. మూలము మారక, కట్టు ఆజ్ఞ మాత్రమే మారినచో మేక్‌కు తెలియదు. పాత ఫలితమే నిలిచిపోవును. దీనికి విరుగుడుగా ‘ఫోర్స్’ అను, ఎన్నడును లేని ఫైలును ఆధారముగా చూపుదురు. అప్పుడు ప్రతిసారియు పని జరుగును. తప్పు తొలగును గాని, దానిపై ఆధారపడినవన్నియు మరల కట్టబడి కాలము హరించును.

కెర్నెలు నిర్మాతలు ఫోర్స్‌ను విడువక, దానికి ‘ఇఫ్ చేంజ్‌డ్’ అను సూత్రమును జోడించిరి. క్రిందటిసారి వాడిన ఆజ్ఞ ఒక చిన్న ఫైలులో భద్రపరుపబడును. ఫోర్స్ వలన ప్రతిసారియు పరీక్ష జరుగును; ఆధారము గాని ఆజ్ఞ గాని మారినపుడే కట్టుట జరుగును. ఫోర్స్‌ను మరచినచో ఆజ్ఞలోని మార్పు గమనింపబడదు. ఫలితపు పేరు ‘టార్గెట్స్’ జాబితాలో లేనిచో పాత ఆజ్ఞ చదువబడదు. అందుచేత ప్రతిసారియు అకారణముగా కట్టబడును. మేక్ ఆజ్ఞకు ‘వి=2’ చేర్చినచో ఏది ఏల కట్టబడినదో అదియే చెప్పును. కారణము తెలిసిన పిమ్మట జాబితాలో ఒక పేరు చేర్చుటతోనే దోషము తీరవచ్చును.

ఒక్క తప్పునకు పుస్తకమంతయు తిరిగి వ్రాయించు ఉపాధ్యాయుడును, పుస్తకమే చూడని ఉపాధ్యాయుడును ఇరువురును మంచివారు కారు. ప్రతి పుట చూచి, తప్పున్నచోటనే దిద్దించువాడే మేలు. ఈ శాస్త్రము తెలుగున చదివినవారికి అందదను భయముతో పిల్లలను మాతృభాషా తరగతులనుండి మాన్పింపదలచినవారు ఒక్కమారు ఆలోచింప ప్రార్థన. ఇంతవరకు చదివి గ్రహించినది తెలుగులోనే కదా!