వయ్యారిభామ పీకే చేతులకు రక్షణ ఏదీ?

పేరు వయ్యారిభామ. కారెట్ ఆకులాంటి ఆకు, కొసన చిన్నచిన్న తెల్లపూలు. చూడ్డానికి ముచ్చటే. పీకిన ఆడకూలీని అడిగితే దాని అసలు గుణం చెబుతుంది.

మేము ఒక కూలిపేటలో సమావేశం పెట్టినప్పుడు ఒక అక్క మోచేతులు చూపించింది. చర్మం మందమై, నల్లబడి, పగుళ్లిచ్చింది. “రాత్రిళ్లు నిద్ర పట్టదన్నా. ఆసామికి చెబితే కలుపుకాడ దురద మామూలే అంటాడు” అంది.

మామూలు కాదు. ఈ మొక్కలో పార్థీనిన్ అనే విషపదార్థం ఉంది. అది మాటిమాటికీ తగిలితే కొందరి ఒంటికి పడకుండా పోతుంది. ఒకసారి అలా అయ్యాక కాస్త తగిలినా చాలు, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మండిపోతాయి. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. ఇది పనివల్ల వచ్చే జబ్బు.

ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన దేశంలో 1950లలో పూణేలో కనిపించింది. అమెరికా గోధుమలతో కలిసి దిగిందని చాలామంది అంటారు. కొన్నిచోట్ల దీన్ని కాంగ్రెస్ గడ్డి అనే పిలుస్తారు. మొలిచిన నెలా నెలన్నరకే పూతకొస్తుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క 15 వేలకు పైగా గింజలు రాలుస్తుంది.

ప్రభుత్వాలు ఏం చేశాయి? 1975లో కర్ణాటక దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది. 1984లో మెక్సికో పెంకుపురుగును బెంగళూరులో వదిలారు. వానల్లో అది ఆకు తింటుంది, ఎండలొస్తే మట్టిలో దాక్కుంటుంది. ఏటా ఆగస్టులో నిర్మూలన వారోత్సవాలూ జరుగుతాయి. అధికారులు ఫొటోకు నాలుగు మొక్కలు పీకి వెళతారు. మిగిలింది పీకేది మన ఆడవాళ్లే, ఉత్త చేతులతో!

కాబట్టి మనం చేయాల్సింది స్పష్టం. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, వేళ్లతో సహా పీకాలి. చేతికి తొడుగు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఒకసారి ఒళ్లు వాచినవాళ్లను ఆ పనికి పంపకూడదు, వేరే పని చూపించాలి.

తొడుగుల ఖర్చు ఆసామి పెట్టుకోవాలి, కూలిలో కోయడానికి వీల్లేదు. కాలువగట్లు, బంజర్ల మీద పీకిస్తే పంచాయతీ కూలి కట్టివ్వాలి. శ్రమదానం పేరుతో వెట్టి చేయించుకుంటామంటే కుదరదు.

ఈ వానలకు మొదటి మొలక లేవకముందే ప్రతి పేటలో కూర్చుని మాట్లాడుకుందాం. తొడుగు లేకుండా వయ్యారిభామ జోలికి పోయేది లేదని కలిసికట్టుగా చెబుదాం. ఒక్కరు అడిగితే పని పోతుంది. పేటంతా అడిగితే తొడుగు వస్తుంది.