ఉద్యోగం వచ్చింది సరే, ఎదుగుదల మాటేమిటి?

మన వాడల్లో ఒకరికి సర్కారీ ఉద్యోగం వస్తే పండగే. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆ మనిషి ఏ కుర్చీ దాకా వెళ్లగలిగారన్నది మాత్రం మనం పెద్దగా చర్చించం. బడ్జెట్, బదిలీలు, విధానాలు తేలేది పై కుర్చీల్లోనే. అందుకే నాయకత్వ శిక్షణ, కెరీర్ ఎదుగుదల కార్పొరేట్ హోటళ్లలో మాట్లాడుకునే విషయాలు మాత్రమే కావు, ప్రాతినిధ్యానికి సంబంధించిన ప్రశ్నలని మేం అంటున్నాం.

ముందు చట్టం సంగతి. 16(4) అధికరణ కింద రిజర్వేషన్ నియామకాలకే గానీ పదోన్నతులకు వర్తించదని 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో పార్లమెంటు 1995లో 77వ సవరణ ద్వారా ఎస్సీ, ఎస్టీల కోసం 16(4ఎ)ను చేర్చింది. అలా పదోన్నతి పొందినవారి సీనియారిటీని 2001లో 85వ సవరణ కాపాడింది. 2006లో నాగరాజ్ తీర్పు ఈ సవరణలను సమర్థిస్తూనే షరతులు పెట్టింది. వెనుకబాటుతనానికీ, ప్రాతినిధ్యం చాలడం లేదనడానికీ ప్రభుత్వం లెక్కలు చూపాలని, పాలనా సామర్థ్యం దెబ్బతినకూడదని అంది. ఎస్సీ, ఎస్టీల వెనుకబాటుతనానికి లెక్కలు అక్కర్లేదని 2018లో జర్నైల్ సింగ్ తీర్పు తేల్చింది. ప్రాతినిధ్యం లెక్కల షరతు మాత్రం మిగిలింది.

ఇక్కడ అసలు మెలిక ‘సామర్థ్యం’ అనే మాటలో ఉంది. దాన్ని కొలిచేదెవరు? ఆఫీసులో ఆ పని పైఅధికారి రాసే వార్షిక పనితీరు నివేదిక చేస్తుంది. ముఖ్యమైన బాధ్యత అప్పగించరు, శిక్షణకు పేరు పంపరు. చివరికి ‘నాయకత్వ లక్షణాలు అంతంతమాత్రం’ అని రాస్తారు. అవకాశం ఇవ్వకపోవడం ఒకరి నిర్ణయం, దాని ఫలితం మాత్రం ఇంకొకరి లోపంగా ఫైల్లోకి ఎక్కుతుంది. కులం ఇలా పేరెత్తకుండానే పని చేయగలదు.

2008 నాటి దేవ్ దత్ కేసు కులానికి సంబంధించింది కాదు గానీ మనకు చాలా అవసరం. సరిహద్దు రోడ్ల సంస్థలో పనిచేసిన ఆ ఇంజనీరుకు ఒక ఏడాది ‘గుడ్’ అని రాశారు. పదోన్నతికి కావాల్సింది ‘వెరీ గుడ్’. ఆ సంగతి ఆయనకు తెలియజేయలేదు, పదోన్నతి పోయింది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి రాతనూ ఉద్యోగికి తెలపాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2009లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కేంద్ర ఉద్యోగికి పూర్తి నివేదిక ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో అభ్యంతరం రాసుకోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులు తమ శాఖ నిబంధనలు చూసుకోవాలి.

కాబట్టి మన నాయకత్వ శిక్షణ ఆత్మవిశ్వాసం గురించిన ఉపన్యాసాలతో ఆగిపోకూడదు. లోపమంతా మన పిల్లల్లోనే ఉందన్నట్టు మాట్లాడే శిక్షణ మనకు అక్కర్లేదు. మీటింగులో మాట్లాడటం, నోట్ రాయడం, బృందాన్ని నడపడం నేర్పాలి. దాంతో పాటు నివేదిక చదవడం, గడువులోగా అభ్యంతరం రాయడం, రోస్టర్ రిజిస్టర్ అర్థం చేసుకోవడం, సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం కూడా నేర్పాలి. శిక్షణలకు ఎవరి పేర్లు వెళ్తున్నాయో ఉద్యోగ సంఘాలు ఏటా లెక్క అడగాలి.

ఇది నేర్పడానికి తగినవాళ్లు మన రిటైర్డ్ ఉద్యోగులే. చదువుకున్న ఉద్యోగులు సమాజానికి తిరిగి ఇవ్వాలన్న ఆలోచనతోనే కాన్షీరామ్ 1978లో బామ్‌సెఫ్‌ను నిలబెట్టారు. డబ్బు, సమయంతో పాటు అనుభవాన్ని కూడా తిరిగి ఇవ్వొచ్చు. ఒక్కో సీనియర్ ఇద్దరు కొత్త ఉద్యోగులను మొదటి ఐదేళ్లు వెన్నంటి ఉండి నడిపిస్తే చాలు, దానికి ఏ జీవో అక్కర్లేదు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థులూ ఇప్పటి నుంచే ఇవన్నీ తెలుసుకోవాలి. ఉద్యోగంలో చేరాక మొదటి నివేదిక రాయడానికి ఎక్కువ కాలం పట్టదు.