వారమున కొకమారు మాత్ర

రాజోలు సీమకు వసిష్ఠ గోదావరి యావలనున్న భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన సభ్యులు వినియే యుందురు. నేడు కీళ్లవాతమునకు వైద్యులు తఱచుగా వ్రాసియిచ్చు మెథోట్రెక్సేట్ అను మందు వారి పరిశోధనాశాలనుండియే వెలువడినది. ఆ మాత్ర వాడువారు మన గ్రామములలోను గలరు గనుక దానినిగూర్చి కొంత చెప్పదలచితిమి.

కాలువ నీరు తూము దాటినగాని చేనికి పాఱదు. ఆకుకూరలలోనుండు ఫోలిక్ ఆమ్లమును అట్టిదే. దేహములోని యొక ఎంజైము దానిని మార్చినగాని క్రొత్త కణములు పుట్టుటకు పనికిరాదు. మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లమును మిక్కిలి పోలియుండి, ముఖ్యముగా ఆ యొక్క తూములోనే చొచ్చి బిగిసికొనును. అందుచేత త్వరత్వరగా పెరుగు కణములు ముందుగా నశించును. కాన్సరు కణములు అట్టివి. నెత్తురు పుట్టించు మూలుగయు, నోటిలోని పొరయు నట్టివే; చిక్కంతయు నిక్కడనే యున్నది.

అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందము మొదట అమినోప్టెరిన్ అను నిట్టి మందును చేసెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు నెత్తుటి కాన్సరుగల 16గురు పిల్లలకు దీనినిచ్చి, 10మందికి గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము నిలువలేదు. అయినను అంతకుముందు ఆ వ్యాధికి మందే లేకుండెను. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు మరణించిరి. మెథోట్రెక్సేట్ ఆ మందునకు తమ్ముని వంటిది. ఆ ఎంజైమును ఆపి చూచుటకు నేటికిని పరిశోధకులు దీనిని వాడుచున్నారు.

కీళ్లవాతమునకు ఈ మాత్రను వారమున కొక్కదినమే మ్రింగవలెను. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. దీనితోపాటు వేఱొక దినమున మ్రింగుటకై ఫోలిక్ ఆమ్లపు మాత్రనుగూడ ఇత్తురు. రెండును పసుపుపచ్చని చిన్నమాత్రలు కావచ్చును గాన తాఱుమాఱగుట సులభము. పురుగుమందును కొలిచి పోయు మన రైతు తన మందుచీటిని చదివించుకొనకుండుట మాకు వింతగా దోచును. మందు పొట్లముపై వారము పేరు తెలుగున వ్రాయించుకొనుడు. గర్భిణులు దీనిని వాడరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. నోటిపూత, జ్వరము, చర్మముపై కమిలిన మచ్చలు కానవచ్చినచో మాత్రను ఆపి, మిగిలిన మాత్రలను చేతబట్టుకొని ఆ దినమే ఆసుపత్రికి పోవలయును.